పాత బోటు బేరంలో బ్రోకరు ఎవరి మనిషి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో సంగమేశ్వరం వైపు యాత్రికులను తిప్పడానికి మేము ముగ్గురు స్నేహితులం కలిసి ఒక పాత ఫైబర్ బోటు కొనాలనుకుంటున్నాము. గోదావరి తీరంలోని ఒక బ్రోకరు 24 మంది కూర్చునే బోటును ఫోటోల్లో చూపించి, సగం సొమ్ము బయానాగా పంపితే లారీ మీద కర్నూలుకు చేరుస్తానని, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయని చెబుతున్నాడు. కమీషను మా దగ్గరా, అమ్మేవారి దగ్గరా కూడా తీసుకుంటాడట. నమ్మవచ్చునా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆ బ్రోకరు మంచివాడా కాదా అన్నది మీ ఉత్తరం చదివి తేల్చలేను, తేల్చవలసిన అవసరమూ లేదు. బేరం కుదిరితేనే అతనికి రూపాయి గిట్టుతుంది కనుక, బేరం చెడగొట్టే మాట అతని నోట వస్తుందని ఎదురుచూడకుండా ఉంటే చాలు. ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల కాడి కొనేటప్పుడు దళారి తువాలు కింద వేళ్లు పట్టి ధర తేల్చినా, పళ్లు పట్టి చూసేదీ, బండికి కట్టి నాలుగడుగులు తోలి చూసేదీ కొనే రైతే గాని దళారి కాదు. పడవల బ్రోకర్ల వ్యాపారం పాతుకుపోయిన అమెరికా, ఐరోపా దేశాల్లోనూ పద్ధతి ఇదే: అమ్మకపు ధరలో సుమారు 10 శాతం కమీషనును సాధారణంగా అమ్మేవారే భరిస్తారు, పడవను పరీక్షించే సర్వేయరును మాత్రం కొనేవారు తమ ఖర్చుతో తామే పెట్టుకుంటారు. ఇరుపక్షాల వద్దా కమీషను తీసుకోవడం మన ప్రాంతంలో భూముల బేరాల్లోనూ ఉన్నదే గనుక అదొక్కటే తప్పని అనను. అయితే ఆ సంగతి ఇరువురికీ ముందే తెలియాలి, ధర తగ్గించమని మీ తరఫున వాదించే మనిషి అక్కడ లేడని మీకూ గుర్తుండాలి.

సగం బయానా మాత్రం వద్దు. ధరలో పదో వంతుకు మించకుండా ఇచ్చి, నేల మీద పరీక్షలోనూ నీటి మీద పరుగులోనూ బోటు మీకు తృప్తిగా లేకపోతే ఆ సొమ్ము తిరిగి ఇవ్వాలని, మిగిలినది బోటును, కాగితాలను అప్పగించే రోజునే చెల్లిస్తామని ఒప్పందం రాయించుకోండి. అంతకంటే ముందు మీ ముగ్గురిలో ఒకరైనా అక్కడికి వెళ్లి, అమ్మే యజమానిని ముఖాముఖి కలవాలి.

కాకినాడ, విశాఖపట్నం వంటి రేవు పట్టణాల్లో పడవలను పరీక్షించే సర్వేయర్లు ఉంటారు. బ్రోకరు సిఫారసు చేసిన మనిషిని కాక మీరు వెతుక్కున్న మనిషిని పెట్టుకోండి. అతడు బోటును గట్టు మీదికి ఎక్కించి, అడుగుభాగమంతా చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతాడు. ఫైబర్ గట్టిగా ఉన్నచోట శబ్దం టంగుమని పలుకుతుంది. పొరలు విడిపోయినచోట, లోపలి ప్లైవుడ్ నీరు పట్టి కుళ్లినచోట పుచ్చిన గుమ్మడికాయను కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. ముఖ్యంగా ఇంజను బిగించే వెనుక పలకను చూడాలి. అనేక బోట్లలో దాని గర్భంలో చెక్క ఉంటుంది, ఇంజను బోల్టుల రంధ్రాల గుండా ఏళ్ల తరబడి నీరు ఇంకి అది మెత్తబడితే బయటికి ఏమీ కనిపించదు. అడుగున బొబ్బలు లేచాయేమో, తేమ మీటరు ఏమి చూపుతున్నదో కూడా చూస్తాడు. అమ్మకానికి వారం ముందు రంగు వేసిన బోటు అంటే నాకు మొదటినుంచీ అనుమానమే. నిగనిగలాడుతున్న కొత్త రంగు కింద ఏముందో ఆ రంగు వేయించినవాడికే తెలుస్తుంది.

ఇంజను విషయంలో, మీరు వెళ్లేసరికి దాన్ని ముందే వేడి చేసి ఉంచవద్దని చెప్పండి. చల్లగా ఉన్న ఇంజను ఎన్ని ప్రయత్నాలకు అందుకుంటుందో, పొగ ఏ రంగులో వస్తుందో మీ కళ్లతో చూడాలి. ఔట్‌బోర్డు ఇంజనయితే, అంటే బోటు వెనుక పలకకు బయట తగిలించే రకమైతే, కింది గేరు పెట్టెలోని ఆయిలు కొద్దిగా తీసి చూడమనండి: అది పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే సీళ్లు పోయి నీరు లోపలికి చేరిందని అర్థం. సముద్రపు ముఖద్వారం దగ్గర తిరిగిన ఇంజనుకు ఉప్పునీటి తుప్పు ఉంటుంది, నదిలోనే తిరిగినదానికి అంత ఉండదు. కనుక ఆ బోటు ఇంతవరకు ఎక్కడ తిరిగిందో అడగడం మరచిపోవద్దు. ఆ తరువాత 24 మంది బరువుకు సరిపడే ఇసుక మూటలు వేసి, పూర్తి వేగంతో కొంతసేపు నడిపించి, నిమిషానికి ఇన్ని చుట్లు తిరగాలని తయారీదారు చెప్పిన సంఖ్యను ఇంజను అందుకుంటున్నదో లేదో, వేడెక్కుతున్నదో లేదో చూడాలి. ఖాళీ బోటులో బ్రోకరు, సరంగు, మీరు ముగ్గురు కూర్చుని ఒక చుట్టు తిరిగి రావడం పరీక్ష కాదు, షికారు.

కాగితాలు సక్రమంగా ఉన్నాయన్న మాటను కాగితాలు చూసిన తరువాతే నమ్మాలి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో పార్లమెంటు చేసిన అంతర్గత నౌకల చట్టం ప్రకారం, ఇంజనుతో నడిచే ప్రతి నౌకకు సర్వే ధ్రువపత్రం, నమోదు ధ్రువపత్రం, బీమా ఉండాలి, నడిపేవారికి యోగ్యతాపత్రం ఉండాలి. ఒక రాష్ట్రంలో చేసిన నమోదు దేశమంతటా చెల్లుతుంది కాబట్టి బోటు ఎక్కడిదన్నది చిక్కు కాదు. నమోదులో ఉన్న పేరు అమ్మేవారిదేనా, ఇంజను నంబరు కాగితంలోనిదేనా, సర్వే గడువు మిగిలి ఉన్నదా అన్నవి అసలు ప్రశ్నలు. బ్రోకరు 24 మంది అంటున్నాడు, సర్వే ధ్రువపత్రం ఎంతమంది అంటున్నదో చూడండి. కుర్చీలు ఎన్నయినా బిగించవచ్చు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగినప్పుడు పోయిన ప్రాణాలను తలచుకుంటే ఈ విషయంలో చూసీచూడనట్టు పోవడానికి ఎవరికీ మనసొప్పదు.

ఇంకొక మాట. గోదావరిలో బాగా నడిచిన బోటు మన దగ్గర అలాగే నడుస్తుందని అనుకోకండి. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు; నీరు తగ్గుతూ వచ్చినకొద్దీ ఒడ్డు దూరం జరుగుతుంది, మునిగి ఉన్న రాళ్లు, మొద్దులు పైకి వస్తాయి, సంగమేశ్వరాలయం బయటపడే వేసవి రోజుల్లోనే మీకు యాత్రికులు ఎక్కువ. ఆ కాలానికి లోతుగా మునిగే బోటు పనికిరాదు. తక్కువ లోతులో తేలేది, ఇంజనును పైకి ఎత్తుకోగల ఔట్‌బోర్డు రకమైనది అయితే మేలు. అక్కడ బోటు తిప్పడానికి అనుమతి దొరుకుతుందో లేదో, నల్లమల అటవీశాఖ అభ్యంతరం ఉంటుందో ఉండదో బయానా ఇచ్చేముందే కనుక్కోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్లోరిడాలో ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. 34 అడుగుల పాత తెరచాప పడవను బ్రోకరు ద్వారా కొంటానని, ధరలో 10 శాతం ముందుగా బ్రోకరు ఖాతాలోనే వేయాలని అంటున్నాడు. అమ్మేవారికి కాక మధ్యవర్తికి డబ్బు కట్టడమేమిటి? – ఒక పాఠకురాలు, కడప

జవాబు: మీ భయం సహజమే గాని, అమ్మా, అక్కడ ఆ పద్ధతి కొనేవారి రక్షణకే పుట్టింది. ఫ్లోరిడాలో 32 అడుగులకు మించిన విహార నౌకల అమ్మకాలు జరిపే బ్రోకరుకు రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. బయానా సొమ్మును అతడు తన సొంత డబ్బుతో కలపకుండా విడిగా ట్రస్టు ఖాతాలో ఉంచాలి. ఒప్పందంలో ఒక తేదీ రాస్తారు. ఆలోగా మీ అబ్బాయి సర్వే చేయించి, సముద్రంలో నడిపి చూసి, అంగీకారమో తిరస్కారమో రాతపూర్వకంగా తెలపాలి. తిరస్కరిస్తే బయానా వెనక్కి వస్తుంది, సర్వేయరు రుసుము, పడవను నీటిలోంచి పైకి తీయించిన ఖర్చు మాత్రం పోతాయి. ఆ తేదీ దాటిపోనివ్వవద్దని చెప్పండి. ఖాతా నంబరు మారిందని ఈమెయిలు వస్తే, తనకు ముందే తెలిసిన ఫోను నంబరుకు మాట్లాడి నిర్ధారించుకోకుండా డబ్బు పంపవద్దని కూడా చెప్పండి. పెద్ద మొత్తాల మోసాలు ఆ దారిలోనే వస్తున్నాయి.

అతడు అడగవలసినది మరొకటుంది. మనం స్థలం కొనేముందు ఈసీ తీయించినట్టే, అక్కడ కోస్టుగార్డు వద్ద నమోదైన పడవకు యాజమాన్య చరిత్ర పత్రం తీయించి, తనఖాలు ఏమైనా మిగిలి ఉన్నాయేమో చూసుకోవచ్చు. స్థలానికీ పడవకూ తేడా ఏమిటంటే, మరమ్మతు చేసిన యార్డు బాకీ, ఇంధనం బాకీ వంటివి ఏ పుస్తకంలోనూ కనిపించకుండానే పడవను అంటిపెట్టుకుని కొత్త యజమానితోపాటు వస్తాయి. అందుచేత బాకీలేవీ లేవని అమ్మేవారి చేత రాయించుకుని సంతకం తీసుకోవాలి. ఇక కోస్టుగార్డు నమోదు అమెరికా పౌరులకే దొరుకుతుంది గనుక, మీ అబ్బాయి ఫ్లోరిడా రాష్ట్ర టైటిలు, రిజిస్ట్రేషను తీసుకోవలసి ఉంటుంది. పాత పడవకు సర్వే నివేదిక లేకుండా బీమా కంపెనీలు చాలావరకు ముందుకు రావు, తుపాన్ల తీరమైన ఫ్లోరిడాలో ఆ బీమా ఖరీదు కూడా ఎక్కువే. పడవ ధరకంటే ముందు బీమా ఖర్చు, రేవులో కట్టేసే స్థలానికి నెలనెలా అద్దె అడిగి తెలుసుకుంటే అతడే ఒకసారి ఆలోచించుకుంటాడు.

ప్రశ్న: చెరువులో నీళ్లు లేక రెండేళ్లుగా ఆరుగురు పట్టే మా మోటారు బోటు షెడ్డులో ఉంది. అమ్మిపెడతానన్న బ్రోకరు, ఏడాదిపాటు మరెవరికీ అప్పగించకూడదని రాయించుకుంటానంటున్నాడు. – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఒక్కరికే అప్పగించడం తప్పు కాదు, పదిమందికి చెప్పిన బోటును ఎవరూ శ్రద్ధగా చూపించరు. కానీ ఏడాది ఎక్కువ, మూడు నెలలకు రాయండి. మీ బంధువే కొంటానని వస్తే కమీషను ఉంటుందా ఉండదా అన్నది అందులోనే తేలాలి. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు తీసేయించి, కార్బురేటరు శుభ్రం చేయించి, నీటి పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రాన్ని (ఇంపెల్లరు) మార్పించండి. నిలిచిపోయిన ఇంజనులో అది గట్టిపడి విరుగుతుంది. ఎండకు రంగు వెలిసిందంటే దాచవద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి. లైఫ్‌జాకెట్లను వేరుగా అమ్ముకోవద్దు, బోటుతోనే పంపండి. 2017లో మన జిల్లాలోనే గుంతకల్లు దగ్గరి చెరువులో పడవ బోల్తాపడిన సంగతి మీకు తెలియనిది కాదు. బోటు మీ గేటు దాటిన రోజు తేదీ, సమయం వేసి కొన్నవారి సంతకం తీసుకుని, నమోదు ఉంటే పేరు మార్పు కోసం మీరే అధికారికి రాయండి. కాగితంలో మీ పేరు ఉన్నంతకాలం, ఏదైనా జరిగితే ముందు మీ ఇంటికే వస్తారు.