సినిమా కన్నా ముందు ప్రతిని చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

ఒక ప్రాంతాన్ని అధ్యయనం చేయడానికి యూనివర్సిటీ లైబ్రరీలోని సినిమాలు వాడబోతున్నావు. అందరూ నేరుగా కథలోకి దిగుతారు. నువ్వు మాత్రం చేతికొచ్చిన ప్రతి ఎలాంటిదో ముందు తేల్చుకో.

కేటలాగులో ఇంగ్లిష్ పేరు కొట్టి, రాలేదని వదిలేయకు. రికార్డు తరచుగా మూలభాషలోని పేరు మీద, రోమన్ లిపిలో ఉంటుంది. ఆ స్పెల్లింగు పోస్టర్ మీద ఉన్నట్టు ఉండదు, ఏ అక్షరానికి ఏ రోమన్ అక్షరం రాయాలో చెప్పే లైబ్రరీల పట్టిక ప్రకారం ఉంటుంది. 1955 నాటి బెంగాలీ ‘పథేర్ పాంచాలి’లో మొదటి మాటను ఆ పట్టిక ‘పథేర’ అని చివర అకారంతో రాయిస్తుంది. చైనీస్ పేర్లను రోమన్ లిపిలో రాయడానికి అమెరికా లైబ్రరీలు 2000లో వేడ్-గైల్స్ అనే పాత పద్ధతి వదిలి పిన్‌యిన్ అనే పద్ధతికి మారాయి కాబట్టి పాత జాబితాల్లో అదే పేరు మరోలా కనిపిస్తుంది. దర్శకుడి పేరు, నిర్మించిన దేశం, భాష కలిపి వెతికితే నీకు పేరు తెలియని సినిమాలు కూడా బయటపడతాయి. భాష ఫిల్టర్‌ని మాత్రం ఒంటరిగా నమ్మకు, డబ్బింగ్ ట్రాక్ ఉన్నా ఆ భాష కిందకే చేరుస్తారు.

డిస్క్ అట్ట మీద రీజియన్ అంకె, అంటే ఆ డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అంకె, చూడు. డీవీడీకి 1 అంటే అమెరికా, కెనడా, 5లో ఇండియా, రష్యా, 6 చైనా. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ మామూలుగా ఐదుసార్లే మార్చనిస్తుంది, ఆ తర్వాత చివరిదానికే బిగుసుకుపోతుంది. నీ లాప్‌టాప్‌ని పాడుచేసుకోకుండా మీడియా గదిలో అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ అడుగు.

నిడివి దగ్గర చాలామంది పొరబడతారు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, ఇండియా, యూరప్‌ టీవీల పాల్ (PAL) పద్ధతి వీడియో 25. అందువల్ల వంద నిమిషాల సినిమా పాల్ డిస్క్‌లో 96 నిమిషాలకే అయిపోతుంది. నాలుగు నిమిషాలు తగ్గాయని సెన్సార్ కోసిందని రాసేయకు. గొంతులు కూడా కాస్త హెచ్చు శ్రుతిలో వినిపిస్తాయి, పాటల మీద పనిచేసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అదే సినిమా ఎనభై నిమిషాలే ఉందంటే మాత్రం అనుమానించి, ఇంకో ప్రతితో పోల్చు.

సబ్‌టైటిళ్లు మాండలికాన్ని చదును చేస్తాయి. పాటలనీ, గోడమీది రాతలనీ తరచుగా వదిలేస్తాయి. నీ పరిశోధనకు పనికొచ్చేది చాలాసార్లు అక్కడే ఉంటుంది! ఆ భాష తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సన్నివేశాలైనా చూడు.

మొదటిసారి ఆపకుండా చూడు, రెండోసారి నోట్సు. ప్రతి నోటు పక్కనా గంట, నిమిషం, సెకను రాసి, పేజీ తలకట్టులో డిస్క్ కంపెనీ, విడుదలైన ఏడాది, వీడియో పాల్ పద్ధతిదా, అమెరికా వాడిన ఎన్‌టీఎస్‌సీ (NTSC) పద్ధతిదా రాయి. ఇవి లేని టైమ్‌కోడ్ ఇంకో డిస్క్‌లో అక్కరకు రాదు. వీహెచ్‌ఎస్ టేపునైతే ఎక్కువసేపు పాజ్‌లో ఉంచకు. టేపుని చదివే హెడ్ ఒకేచోట తిరుగుతూ టేపుని అరగదీస్తుంది.

ఆన్‌లైన్‌లో లైబ్రరీ ఇచ్చే సినిమాలు లైసెన్సు గడువు తీరగానే మాయమవుతాయి కాబట్టి వాటిని ముందు ముగించు, డిస్కుల సంగతి తర్వాత. క్లాసులో చూపించడానికీ అందరినీ పిలిచి హాల్లో వేయడానికీ హక్కులు వేరు. బహిరంగ ప్రదర్శన హక్కు ఉందో లేదో రికార్డులో చూసి, లేకపోతే పోస్టరు అంటించేలోపే లైబ్రేరియన్‌ని అడుగు.

నీ మాస్టారు