లంగర్‌లో, అంటే గురుద్వారాలోని ఉచిత భోజనశాలలో, అంత సేవ చేసే సిక్కులు తమ లోపాల గురించి తమలో తాము మాట్లాడుకుంటారా?

మాట్లాడుకుంటారు, అదీ గట్టిగానే. అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలో కులం, మతం అడగకుండా రాత్రీపగలూ భోజనం పెడతారు, వండేవాళ్లలో, గిన్నెలు తోమేవాళ్లలో చాలామంది జీతం తీసుకోకుండా వచ్చినవాళ్లే. ఎవరైనా సరే ఒకే వరసలో నేలమీద కూర్చుని తినాలన్న పద్ధతిని మూడో గురువు అమర్‌దాస్ నిలబెట్టారు.

ఆ సమానత్వం ఆచరణలో ఏదని ముందు నిలదీసింది కూడా సిక్కులే. 1920 అక్టోబరులో దళిత సిక్కులు తెచ్చిన ప్రసాదాన్ని అక్కడి పూజారులు తీసుకోబోమంటే సంస్కర్తలు ఎదురు తిరిగారు, ఆ కదలికలోంచే నవంబరులో, గురుద్వారాలను నిర్వహించే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ పుట్టింది. వాటిని తమ గుప్పిట్లో పెట్టుకున్న మహంతుల (మఠాధిపతుల) చేతుల్లోంచి గురుద్వారాలను విడిపించే పోరాటంలో 1921లో నన్‌కానా సాహిబ్ దగ్గర ఎంతోమంది ప్రాణాలు పోయాయి. గురుద్వారాల నిర్వహణను ఎన్నికైన కమిటీకి అప్పగిస్తూ 1925లో చట్టం వచ్చింది.

అయినా పంజాబ్ పల్లెల్లో ఇప్పటికీ కులానికో గురుద్వారా, కులానికో శ్మశానం కనిపిస్తాయి. స్వర్ణ దేవాలయం లోపల కీర్తన పాడే అవకాశం ఆడవాళ్లకు దక్కలేదు. ఇవి లంగర్ స్ఫూర్తికి పూర్తిగా విరుద్ధమని నేను నమ్ముతాను, సిక్కు మహిళలే ఏళ్లుగా ఈ మాట అంటున్నారు.

నాకు బాగా నచ్చేది అక్కడి శిక్ష. తప్పు చేసినవాళ్లకు సిక్కుల అత్యున్నత మతపీఠం అకాల్ తఖ్త్ వేసే తన్‌ఖాహ్‌లో (మతపరమైన శిక్షలో) తరచూ సేవే ఉంటుంది: 2024 డిసెంబరులో, తమ ప్రభుత్వ హయాంలో జరిగిన తప్పులకు గాను, పంజాబ్ మాజీ ఉప ముఖ్యమంత్రి సుఖ్‌బీర్ సింగ్ బాదల్ మెడలో పలక వేసుకుని గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నారు, లంగర్‌లో గిన్నెలు కడిగారు.