తల్లి ఓ, తండ్రి బి, పాప ఏబీ: ఇది ఎలా కుదురుతుంది?

గాజువాక నుంచి అడిగినవారికి: ఆస్పత్రిలో పిల్లలు మారిపోయారేమోనన్న భయం ఇప్పుడే వద్దండీ. ఓ తల్లికి, బి తండ్రికి మామూలుగా ఏబీ పాప పుట్టదు కాబట్టి, ముందు మీ ఆవిడ నిజంగా ఓ గ్రూపేనా అన్నది తేలాలి. ఇలాంటి రిపోర్టు చూస్తే బ్లడ్ బ్యాంకులో మాకు మొదట వచ్చే అనుమానం శాంపిల్ తారుమారు. తర్వాత ‘ఏ’ గ్రూపులోనే పరీక్షకు సరిగా అందని బలహీన రకం. ఆ రెండూ కాకపోతే బాంబే గ్రూపు.

ఎర్రకణం మీద ఏ, బి గుర్తులు నేరుగా ఏర్పడవు, హెచ్ అనే పదార్థం మీదే ఏర్పడతాయి. హెచ్‌ని చేసే జీన్ 19వ క్రోమోజోమ్ మీద, ఏబీఓ జీన్ 9వ క్రోమోజోమ్ మీద ఉంటాయి. హెచ్ జీన్ రెండు కాపీలూ పనిచెయ్యకపోతే, ‘ఏ’ జీన్ ఉన్నా పునాది లేని గోడే. ఆ మనిషి పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది, అదే బాంబే గ్రూపు. మీ ఆవిడది బాంబే అయితే, ‘ఏ’ జీన్ మాత్రం ఎక్కడికీ పోలేదు. అది పాపకు వెళ్లింది, మీ నుంచి మంచి హెచ్ కాపీ అందింది, దాంతో ‘ఏ’ బయటపడింది. ఇలా ఒక జీన్ మరో జీన్‌ని కప్పేయడమే ఎపిస్టాసిస్. దీన్ని బహిర్గతత్వంతో (డామినెన్స్) కలిపేస్తుంటారు, కానీ అది ఒకే జీన్ తాలూకు రెండు రూపాల మధ్య వ్యవహారం. 

బాంబేలో డాక్టర్ భెండే బృందం 1952లో ఈ గ్రూపును బయటపెట్టింది. ఇప్పటికీ తప్పిపోయేది ఎక్కడంటే, స్లైడు మీద యాంటీ-ఏ, యాంటీ-బి చుక్కలు వేసి, గడ్డకట్టలేదని ఓ రాసేసే దగ్గర.

కొత్త శాంపిల్ తీయించి, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాస్పత్రి బ్లడ్ బ్యాంకులో ట్యూబు పద్ధతిలో రివర్స్ గ్రూపింగ్ (ఆమె సీరాన్ని తెలిసిన గ్రూపుల కణాలతో కలిపి చూడటం) అడగండి. ఏ, బి కణాలతో పాటు ఓ కణాలు కూడా పెట్టమనండి, చాలాచోట్ల అదే వదిలేస్తారు. మామూలు ఓ మనిషి సీరం ఓ కణాలను ముట్టుకోదు. బాంబే వాళ్ల సీరంలో హెచ్ మీద దాడి చేసే యాంటీబాడీ, అంటే యాంటీ-హెచ్, ఉంటుంది కాబట్టి ఓ కణాలు గట్టిగా గడ్డకడతాయి. ఆటో కంట్రోల్ (ఆమె సీరాన్ని ఆమె కణాలతోనే కలిపి చూడటం) కూడా గడ్డకడితే అది చల్లదనానికి పనిచేసే యాంటీబాడీ కావచ్చు, బాంబే అని తొందరపడకూడదు. ఖరారు చేసేది యాంటీ-హెచ్ లెక్టిన్ అనే, హెచ్‌ని పట్టుకునే ప్రోటీన్: ఓ కణాలతో గట్టిగా పట్టుకుంటుంది, బాంబే కణాలతో అసలు పట్టుకోదు.

బాంబే అని తేలితే ఆమెకు మామూలు ఓ రక్తం ఎక్కించకూడదు. ఆ యాంటీ-హెచ్ శరీర ఉష్ణోగ్రత దగ్గరే పనిచేసి, ఎక్కించిన కణాలను పగలగొట్టేస్తుంది. ఆమె తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ అదే గ్రూపు వచ్చే అవకాశం 25 శాతం. దాత దొరికేది ముందు అక్కడే. మీది మేనరికమైతే మీలోనూ చెడిన కాపీ ఒకటి ఉండొచ్చు, అప్పుడు తర్వాతి బిడ్డ బాంబే అయ్యే అవకాశం సగం.