పెళ్లి బ్లౌజులకు 98 వేలు అడ్వాన్స్ అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది రాజమండ్రి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మాఘమాసంలో పెళ్లి, ఇంకా ఐదు నెలల టైముంది. పట్టుచీరలు అమ్మ కొనేసింది. బ్లౌజులు, రిసెప్షన్ లెహంగా మాత్రం నా డబ్బుతో కుట్టించుకుంటానని చెప్పాను. ఒక బొటిక్‌లో ముహూర్తం బ్లౌజుకు 28,000, మిగతా ఐదు బ్లౌజులకు ఒక్కోదానికి 10,000, లెహంగాకు 62,000, మొత్తం 1,40,000 అన్నారు. ట్యాక్స్ వేరేనట. వచ్చే వారం కొలతలకు రమ్మన్నారు, ఆ రోజే 70 శాతం అడ్వాన్స్ కట్టమంటున్నారు. నా సేవింగ్స్ 50,000. జీతంలో ఖర్చులు పోను నెలకు 12,000 మిగులుతాయి. తక్కువ పడే 90,000 క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెడదామనుకుంటున్నాను. ఫిట్టింగ్‌కి వెళ్లేలోపు ఏమేం చూసుకోవాలో చెప్పండి.

జవాబు: ఆ 98,000 ఇవ్వకండి. బొటిక్ వాళ్లు మోసం చేస్తారని కాదు. కొలతలు తీసుకున్న రోజే 70 శాతం చేతిలో పడితే, తర్వాత చంక దగ్గర పట్టేసిందనో, మెడ జారుతోందనో మీరు చెప్పినప్పుడు వాళ్లకు తొందర ఉండదు. సీజన్‌లో అయితే అసలే ఉండదు. చివరి ఫిట్టింగ్ అయ్యేదాకా చెప్పుకోదగ్గ మొత్తం మీ దగ్గరే ఉండాలి.

ముందు ఈఎంఐ సంగతి చూద్దాం. 90,000ను ఏడాదికి 15 శాతం వడ్డీతో 12 నెలల ఈఎంఐగా మార్చారనుకోండి. నెలకు సుమారు 8,120 కట్టాలి. వడ్డీ 7,480 దాకా అవుతుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 1,350. ప్రాసెసింగ్ ఫీజు కలపకుండానే 8,800 పైన. ఒక మంచి బ్లౌజు డబ్బు బ్యాంకుకు పోయినట్టే. పైగా పెళ్లయ్యాక కూడా ఏడెనిమిది నెలలు కడుతూనే ఉంటారు. ఈఎంఐగా మార్చకుండా కార్డు బిల్లులో మినిమమ్ డ్యూ కట్టి ఊరుకుంటే ఇంకా ఘోరం, చాలా కార్డుల మీద నెలకు 3 శాతానికి పైనే పడుతుంది.

ఇక ఆ ‘ట్యాక్స్ వేరే’ అన్న మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి ధర 2,500 రూపాయలు దాటిన కుట్టిన దుస్తుల మీద జీఎస్టీ 18 శాతం, అంతకుముందు 12 ఉండేది. పట్టుచీర బట్ట కింద లెక్క కాబట్టి ఎంత ఖరీదైనా 5 శాతమే. అమ్మ కొన్న చీరల బిల్లు చూసి లెహంగాకూ అంతే పడుతుందనుకోకండి. 62,000 లెహంగా మీద 18 శాతం అంటే 11,160, చేతికొచ్చేసరికి 73,160. రిసెప్షన్ స్టేజీ మీద మూడు గంటలు నిలబడటానికి ఇంత వద్దని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో లెహంగాలు అద్దెకిచ్చే షాపులకు కొదవ లేదు. 15,000 లోపల అద్దెకు దొరికేది వెతకండి. డిపాజిట్ అడుగుతారు, తిరిగొచ్చేదే అయినా ఆ వారం రోజులు మీ చేతిలో ఉండదు కాబట్టి దాన్నీ లెక్కలో పెట్టుకోండి. నడుము, పొడవు ఎంతవరకు సరిచేసి ఇస్తారో, మరక పడితే ఎంత కోస్తారో రసీదు మీద రాయించుకోండి.

ముహూర్తం బ్లౌజును తగ్గించమని నేను చెప్పను. 28,000 పెట్టండి, కానీ ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. కేటలాగ్‌లో అమ్మాయి వీపంతా నెమళ్లు, ఏనుగులు, పల్లకీలు కనిపిస్తాయి. మీ పెళ్లిలో ఆ వీపు మీద పూలజడ ఉంటుంది! ఎడమ వైపు పైట కప్పేస్తుంది. జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి తలంబ్రాల దాకా ఫొటోల్లో పడేవి మీ చేతులే. అందుకని వర్క్ చేతుల మీద నిండుగా చేయించుకుని, వీపు మీద మెడ చుట్టూ ఒక వరసతో ఆపమనండి. అదే 28,000లో నాణ్యమైన జర్దోసీ (జరీ తీగల ఎంబ్రాయిడరీ) వస్తుంది, లేదా రేటే తగ్గుతుంది.

మిగతా ఐదూ ఒకే రేటు ఎందుకో నాకైతే అర్థం కాలేదు. పెళ్లికూతురిని చేసే రోజుకు, సంగీత్‌కు చేతుల అంచు వరకు వర్క్ చాలు, 6,000 చొప్పున 12,000. మధుపర్కాల మీదకు, వ్రతానికి, పదహారు రోజుల పండక్కి చీర అంచుతో కుట్టిన మామూలు బ్లౌజులు సరిపోతాయి, 1,500 చొప్పున 4,500. మధుపర్కాలు కట్టుకుని పీటల మీద కూర్చునేసరికి మగ్గం వర్క్ ఎవరూ వెతకరు. ఫాల్, పీకో, కుచ్చులు, లంగాలు, చీరల ప్రీ ప్లీటింగ్ (ముందే కుచ్చిళ్లు మడిచి ఇస్త్రీ చేయించడం) కొటేషన్‌లో లేవు, వాటికి 6,000. ఆల్టరేషన్లకు, అర్జంటు చార్జీలకు 5,000 పక్కన పెట్టండి. లెహంగా అద్దెతో కలిపి, ట్యాక్స్ కాకుండా మొత్తం 70,500. ఐదు నెలల మిగులు 60,000, సేవింగ్స్ నుంచి తీయాల్సింది 10,500, పైన ట్యాక్స్ పడితే అది, అంతే. ఈఎంఐ మాటే రాదు.

ఇప్పుడు చెల్లింపులు. మగ్గం వర్క్‌లో బట్టను చట్రానికి బిగించి, మీ కొలతల ప్రకారం మెడ, చేతులు గీసి, ఆ గీతల మీద వర్క్ చేస్తారు. కత్తిరించి కుట్టడం తర్వాత. వర్క్ పూర్తయ్యాక మెడ లోతు మార్చమంటే కుదరదు. అందుకే ముహూర్తం బ్లౌజుకు కొలతల రోజు 30 శాతం, అంటే 8,400 ఇవ్వండి. మీ కొలతలతో లైనింగ్ గుడ్డ మీద ఒక ట్రయల్ బ్లౌజు కుట్టి చూపించాకే వర్క్ మొదలుపెట్టమనండి. దానికి విడిగా కొన్ని వందలు అడిగినా ఇచ్చేయండి, ఈ మొత్తం వ్యవహారంలో చవగ్గా వచ్చేది అదే. వర్క్ పూర్తయి, కత్తిరించకముందు వెళ్లి చూసినప్పుడు 11,200. చివరి ఫిట్టింగ్ సరిపోయాక మిగతా 8,400. ఈ పద్ధతికి ఒప్పుకోకపోతే 40 శాతం అడ్వాన్స్ దాకా దిగండి, అంతకు మించి అయితే ఇంకో బొటిక్ చూసుకోండి. ఐదు నెలలంటే మీకు ఆ వెసులుబాటు ఉంది.

పెళ్లిలోపు సన్నబడతానని చెప్పి బిగుతుగా కొలతలిచ్చే అమ్మాయిలు చాలామంది ఉంటారు. మీరు ఆ పని చేయకండి. ఇప్పుడున్న కొలతే ఇచ్చి, పక్క కుట్టుల్లో ఒకటిన్నర అంగుళం గుడ్డ లోపల వదలమనండి. సన్నబడితే బిగించడం పది నిమిషాల పని. బిగుతైన మగ్గం బ్లౌజును వదులు చేయడానికి లోపల గుడ్డ లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు, కొత్తది కుట్టించాల్సిందే.

చివరి ఫిట్టింగ్ పెళ్లికి పది పన్నెండు రోజుల ముందు పెట్టుకోండి. ముహూర్తం చీర, ఆ రోజు వేసుకునే లోదుస్తులు, లంగా, చెప్పులు వెంట తీసుకెళ్లండి. వంకీ మర్చిపోవద్దు. చేతి మీద వర్క్ దట్టంగా ఉంటే వంకీ ఎక్కదు, ఎక్కినా పూసలు రాలగొడుతుంది. వంకీ ఇంకా చేయించకపోతే అమ్మదైనా పెట్టి చూడండి. వడ్డాణానికి బ్లౌజు కింది అంచుకు మధ్య ఎంత జాగా ఉందో కూడా అప్పుడే చూడాలి. అద్దం ముందు నిలబడి బాగుందని వచ్చేయకండి. తలంబ్రాలు పోసేటట్టు రెండు చేతులూ తల పైకెత్తండి. మఠం వేసుకుని కాసేపు కూర్చోండి. మూడు ముళ్లు వేసేటప్పుడు తల వంచినట్టు వంచి, వెనక మెడ ఎగుస్తోందేమో పక్కనున్న వాళ్లను చూడమనండి. చంక కింద పట్టేసినా, హుక్కుల దగ్గర ఎడం వచ్చినా ఆ 8,400 మీ దగ్గరే ఉంచి, సరిచేసే తేదీ బిల్లు మీద రాయించండి.

అన్నట్టు, ప్రతి చెల్లింపుకూ బిల్లు తీసుకోండి, యూపీఐలోనే పంపండి. డిజైన్ ఫొటో, డెలివరీ తేదీ, ఎన్నిసార్లు ఉచితంగా సరిచేస్తారన్నది వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉండాలి. మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ అడిగేవి ఈ కాగితాలే.

పెద్దమ్మో మేనమామో ఏం పెట్టమంటావని అడిగితే మొహమాటపడకండి. ఇంకో చీర వద్దు, సంగీత్ బ్లౌజు వర్క్ చేయించండి అని చెప్పండి. వాళ్లకూ చీర వెతికే పని తప్పుతుంది, మీకు 6,000 మిగులుతాయి.

సేవింగ్స్‌లో ట్యాక్స్ పోను మిగిలే డబ్బును లెహంగా మీద మనసు మళ్లినప్పుడు కదిలించకండి. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో మీరిద్దరూ ఇల్లు తీసుకునేటప్పుడు ఓనర్ రెండు నెలల అద్దె అడ్వాన్స్ అడుగుతారు. అప్పుడు అవసరం పడుతుంది.