రేసింగ్‌లో ఉన్న రోజుల్లోనే మాట నేర్చుకోవాలి

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కొన్నేళ్లు కార్ రేసింగ్ చేసి, ఆ తరువాత క్రీడా వ్యాఖ్యాతగా స్థిరపడతానని అంటున్నాడు. ఒప్పుకోవడానికి మాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: మీ అబ్బాయి కోరుకుంటున్న దారిలో నడిచినవారిలో అమెరికా స్టాక్ కార్ (మామూలు కార్ల రూపంలో ఉండే పందెపు కార్ల) రేసర్ నెడ్ జారెట్ జీవితం మీ ఇంటి పరిస్థితికి దగ్గరగా ఉంది. 1932లో ఉత్తర కరోలినాలో, కలప వ్యాపారం చేసే ఇంట పుట్టిన జారెట్‌ను పందేల్లో కారు నడపవద్దని తండ్రి వారించారు. దాంతో జారెట్, తన కారులో వాటా ఉన్న బంధువు పేరుతో చాటుగా నడిపారు. సంగతి బయటపడ్డాక, నడిపేటట్లయితే సొంత పేరుతోనే నడపమని తండ్రి చెప్పారు. కాబట్టి మీరు కాదన్నా అబ్బాయి మీకు తెలియకుండా ట్రాక్ మీదికి వెళ్లే అవకాశం ఉందని గుర్తుంచుకోండి.

మీ భయం మాత్రం న్యాయమైనదే. 1964లో షార్లెట్‌లో జరిగిన 600 మైళ్ల పందెంలో జారెట్, తోటి రేసర్ ఫైర్‌బాల్ రాబర్ట్స్ కార్లు ప్రమాదానికి గురై మంటల్లో చిక్కుకున్నాయి. రాబర్ట్స్‌ను బయటికి లాగడానికి జారెట్ సాయపడినా, తీవ్రంగా కాలిన రాబర్ట్స్ కొన్ని వారాలకు మరణించారు. రక్షణ ఏర్పాట్లు అప్పటికంటే ఎంతో మెరుగుపడ్డాయి గాని, ఈ క్రీడలో ప్రమాదం లేదని నేను చెప్పలేను.

1961, 1965 సంవత్సరాలలో అమెరికా స్టాక్ కార్ పోటీల (నాస్కార్) ఛాంపియన్‌గా నిలిచి, మొత్తం 50 పందేలు గెలిచిన జారెట్ 1966లో, 34 ఏళ్లకే, పోటీల నుంచి తప్పుకున్నారు. నలుగురిలో మాట్లాడటానికి తడబడే ఆయన రేసింగ్‌లో ఉన్న రోజుల్లోనే డేల్ కార్నెగీ ప్రసంగ శిక్షణలో చేరి మాటకు సాన పెట్టుకున్నారు. నా దృష్టిలో ఆయన రెండో జీవితానికి పునాది ఇదే. విరమించిన వెంటనే పెద్ద టీవీ అవకాశాలు రాలేదు. ఉత్తర కరోలినాలోని హికరీ రేస్ ట్రాక్ నిర్వహణ చూసుకున్నారు, రేడియోలో పనిచేశారు, ఆ తరువాతే సీబీఎస్, ఈఎస్‌పీఎన్ ఛానెళ్లలో వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నారు. 1993లో డేటోనా 500 అనే ప్రఖ్యాత పందెం చివరి ల్యాప్‌లో (చుట్టులో) కుమారుడు డేల్ జారెట్ ముందుకు దూసుకొస్తుండగా ఆయన తండ్రిగానే ఆ ల్యాప్‌ను వర్ణించారు. ఓడిన డేల్ ఎర్న్‌హార్ట్‌ను ఆ తరువాత కలిసి, తాను పక్షపాతం చూపినందుకు క్షమాపణ కూడా చెప్పుకున్నారు. వ్యాఖ్యాతకు ఇంతటి నిష్ఠ అవసరమని మీ అబ్బాయికి తప్పక చెప్పండి.

డిగ్రీ మానవద్దనండి. టైరు ఎందుకు అరిగిందో, ముందు కారు వెనుక గాలి ఒత్తిడి ఎలా తగ్గుతుందో తేలిక తెలుగులో వివరించగల వ్యాఖ్యాతకు ఆ చదువే పెట్టుబడి. సెలవుల్లో కార్టింగ్ (చిన్న రేసు బండ్లు నడిపే) శిక్షణకు పంపండి, పోటీలకైతే మన దేశ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకోమనండి. ఈ క్రీడ డబ్బును త్వరగా మింగుతుంది కనుక ఏడాదికి ఎంత భరించగలరో ముందే తేల్చి చెప్పండి. వారానికి ఒక పందెం వీడియోను శబ్దం లేకుండా పెట్టుకుని, పది నిమిషాలు తెలుగులో వ్యాఖ్యానించి, ఆ రికార్డింగును మీకు వినిపించమనండి. మొదటి శ్రోత మీరే కండి.