దసలి చిలుకను రంగు చూసి రాయకు

చిరంజీవి బుజ్జికి, పెద్దబాపు ఆశీస్సులు.

మిరుగం వానలు పడగానే మహదేవ్‌పూర్ అడవిలో అడవి దసలి చిలుకల (దసలి పట్టుపురుగుకు రెక్కలొచ్చాక దాన్ని చిలుక అంటాం) లెక్క రాయడానికి పోతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషమైంది, ఆ వెంటనే గుబులూ పుట్టింది. అటవీశాఖ అనుమతి కాగితం, ఊరి మనిషి తోడు లేకుండా రాత్రి అడుగు పెట్టకు. ఎలుగుబంటి సాధారణంగా అలికిడికి పక్కకు పోతుంది కాబట్టి మాట్లాడుకుంటూ నడవండి.

చిలుకలు వెలుగుకు వచ్చి వాలడానికి తెల్లగుడ్డ, 160 వాట్ల మెర్క్యురీ బల్బు, అమావాస్య దగ్గరి రాత్రులు. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియని సంగతి మా పాత నోటుబుక్కుల్లో ఉంది. అందులో ‘ఎర్ర దసలి’, ‘పసుపు దసలి’, ‘బూడిద దసలి’ అని మూడు వరుసలు గీసి, ఎదురుగా అంకెలు వేశాం. అది శుద్ధ తప్పు. మగది సాధారణంగా ఎర్రమట్టి గోధుమ రంగు, ఆడది పసుపో బూడిదో. ఒక్క తల్లి గుడ్లలోంచే తేడా రంగులు వస్తాయి. నాలుగు రోజులు ఎగిరిన చిలుకకు పొలుసులు రాలి రంగు వెలిసిపోతుంది, బల్బు వెలుగు మరింత మోసం చేస్తుంది. మూడు రకాలనుకున్నవి మగది, ఆడది, ముసలిది కావచ్చు. ముందు మీసాలు చూడు: వెడల్పు ఈకల్లా ఉంటే మగది, సన్నగా ఉంటే ఆడది. మగదాని ముందు రెక్క కొస కొడవలిలా వంగుతుంది. నాలుగు రెక్కల మీదా అద్దపు బిళ్లలాంటి పారదర్శక చుక్క ఉందో లేదో చూసి, స్కేలు పక్కన పెట్టి పైనుంచి ఒక ఫొటో, కింది నుంచి ఒకటి తియ్యి. రంగు గురించి ఆఖర్న ఒక్క మాట రాస్తే చాలు.

అంతకన్నా పెద్ద లోపం ఇంకోటి. పక్కన దసలి పురుగులు పెంచే మద్దితోట ఉందా లేదా అని మేం ఎక్కడా రాయలేదు. అక్కడ జార్ఖండ్ నుంచి వచ్చిన డాబా రకం పెంచుతుంటే, గుడ్డకు వచ్చిన చిలుక తోటలోంచి తప్పించుకున్నదో, మన అడవి ‘ఆంధ్ర లోకల్’ రకమో రెక్కలు చెప్పవు. దేశంలో ఇలాంటి ప్రాంతీయ రకాలు 44 దాకా గుర్తించారు, అన్నిటి జాతీ ఒక్కటే: అంథీరియా మైలిట్టా. జాతి పేరు వరకే ధైర్యంగా రాయి, రకం పేరు రాయకు. తోట ఎంత దూరమో, ఏ చెట్టు మీద దొరికిందో తప్పక రాయి: నల్లమద్దా, తెల్లమద్దా, రేగా. మా నోటుబుక్కుల్లో ఆ ఒక్క గడి లేక అన్ని రాత్రుల శ్రమా బూడిదపాలైంది బిడ్డా, ఇప్పుడు ఎవరూ దాన్ని దిద్దలేరు.

పగలు కాయల (దసలి పట్టుగూళ్ల) కోసం వెతుకు. చిలుక కొద్ది రోజులే బతుకుతుంది, కాయ మాత్రం కొమ్మనే పట్టుకుని నెలల తరబడి ఉంటుంది. కాయ కాడ కొమ్మకు ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. కాడ వైపు దారాలు పక్కకు జరిగి, తడిసి ఆరిన రంధ్రం ఉంటే చిలుక బయటికి వచ్చినట్టు. గుండ్రంగా కొరికిన రంధ్రమో, మరోచోట చిల్లో ఉంటే పరాన్నజీవుల పని కావచ్చు, దాన్ని చిలుక కింద లెక్కేయకు. మూసి ఉన్న కాయను కోయకు, చెవి దగ్గర ఊపి కూడా చూడకు. అడవి కాయలు అసలే కరువు, ఒక్క ఆడది బతికితే వంద దాటి గుడ్లు.

గుడ్డ మీద వాలిన ఆడదాన్ని రెక్కలు పట్టి లాగకు. కాళ్ల కింద పుల్ల పెడితే తానే ఎక్కుతుంది. తెల్లారకముందే గుబురు ఆకుల్లో వదిలెయ్యి, లేకపోతే కాకులు పొడుచుకు తింటాయి. తోటలో చేతులు పెట్టి, కడుక్కోకుండా అడవి చిలుకను ముట్టుకోకు, పెబ్రిన్ అనే పట్టుపురుగుల జబ్బు తల్లి నుంచి గుడ్లకు దిగుతుంది. తోట దగ్గర వాడిన గుడ్డను బ్లీచింగ్ నీళ్లలో ముంచి ఉతుకు.

టార్చికి రెండు జతల సెల్లులు పెట్టుకో. కాళేశ్వరం దాటితే సిగ్నల్ దొరకకపోవచ్చు, పోయేముందే ఫోన్ చెయ్యి. నోటుబుక్కు పెన్సిల్‌తో రాయి, వానకు సిరా కారిపోతుంది.

మీ పెద్దబాపు