ఉబ్బింది సిర, మండుతున్నది నాడి

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. కర్రీ పాయింట్ నడుపుతున్నాను, రోజంతా నిలబడే పని. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. కుడి పిక్క మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రానికి కాలు బరువెక్కుతోంది. రాత్రిళ్లు రెండు అరికాళ్లూ ఒకటే మంట. మందుల షాపులో నరాల బలహీనత అని బిళ్లలిచ్చారు. రెండు నెలలు వేసుకున్నా ఉబ్బు తగ్గలేదు. ఏం చేయాలి?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, మీకున్నవి రెండు వేర్వేరు ఇబ్బందులు. రెండింటినీ మనం ‘నరం’ అనే అంటాం, చిక్కు అక్కడే వచ్చింది. పిక్క మీద ఉబ్బినవి రక్తాన్ని గుండెకు చేర్చే సిరలు. అరికాళ్లలో మంటకు కారణం స్పర్శ, నొప్పి కబుర్లను మెదడుకు మోసే నాడులు. నాడుల కోసం ఇచ్చిన బిళ్లలకు సిరల ఉబ్బు తగ్గదు.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. చేయి కిందికి వేలాడదీస్తే మణికట్టు కింద, చేతి వెనక సిరలు తేలతాయి. ఒక సిరను వేళ్లకు దగ్గరగా నొక్కి పట్టి, ఇంకో వేలితో దాన్ని మణికట్టు వైపు నిమిరి వదలండి. సిర అణిగే ఉంటుంది. నొక్కిన వేలు తీయగానే కింది నుంచి నిండుతుంది. 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే రక్త ప్రసరణ మీద తెచ్చిన పుస్తకంలో ముంజేతి సిరలతో ఇలాంటి పరీక్షే చూపించారు. సిరల లోపల ఒకవైపే తెరుచుకునే కవాటాలుంటాయి. నడిచినప్పుడు పిక్క కండరాలు సిరలను పిండి రక్తాన్ని పైకి పంపుతాయి, కవాటాలు దాన్ని కిందికి జారనివ్వవు. గంటల తరబడి కదలకుండా నిలబడితే ఆ పిండడం ఉండదు. కవాటాలు వదులైతే రక్తం కిందే నిలిచి సిర ఉబ్బుతుంది. అదే వేరికోస్ వీన్స్.

ఇక మంట. షుగర్ ముందుగా దెబ్బతీసేది పొడవైన నాడుల కొసలను. అందుకే రెండు పాదాల్లోనూ మొదలవుతుంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు, దానివల్లా ఇలాంటి మంట వస్తుంది. మీ డాక్టరుతో మాట్లాడి బి12, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్) పరీక్షలు చేయించండి. ఇప్పుడు వేసుకుంటున్న బిళ్లల పట్టీ వెంట తీసుకెళ్లండి. వాటిలో బి12 ఉంటే పరీక్షలో లోపం బయటపడకపోవచ్చు. మెట్‌ఫార్మిన్ మాత్రం సొంతంగా ఆపొద్దు.

పిక్కకు డాప్లర్ స్కాన్ (రక్తం ఎటు పారుతోందో చూసే స్కాన్) చేయించుకుని వాస్కులర్ సర్జన్‌కు, అంటే రక్తనాళాల డాక్టరుకు చూపించండి. బిగుతు మేజోళ్లు ఇప్పుడే కొనకండి. షుగర్ ఉన్నవారికి పాదాలకు వచ్చే ధమనుల్లో రక్తం సరిగా వస్తోందో లేదో ముందు తేల్చుకోవాలి. ఈలోగా అరగంటకోసారి నాలుగడుగులు వేయండి, మడమలెత్తి దించండి. పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకోండి.

నాకు ఎక్కువ దిగులు మీ పాదాల గురించే. స్పర్శ తగ్గితే నూనె చుక్క పడి కాలినా తెలియదు. వంట దగ్గర మూసి ఉండే చెప్పులు వేసుకోండి, రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి.

ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. దానికి ఆయాసం తోడైతే క్షణం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే వెంటనే పడుకుని, కాలు ఎత్తిపెట్టి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, ఎవరినైనా పిలవండి.